తలూపితే అవునని కాదు

మా ఆయనకి తలూపే అలవాటుంది. ఎవరేం చెప్పినా గంగిరెద్దులా తలూపుతాడు. అది చూసి లోకమంతా ఆయన్ని మెత్తని మనిషి అనుకుంది. ఆ తలూపుకి అవుననీ అర్థం కాదు, కాదనీ అర్థం కాదని నాకొక్కదానికే తెలుసు. 'నువ్వు నాతో ఏదో అంటున్నావు, చూశాను' అని మాత్రమే అర్థం.

అది మిల్లులో పట్టుకున్న అలవాటు. మేమిద్దరం మరమగ్గాల మిల్లులో పనిచేశాం. ఆయన మగ్గాల మీద, నేను కండెలకి నూలు చుట్టే గదిలో. మగ్గాలన్నీ నడుస్తుంటే పక్కన నిలబడి గొంతు చించుకున్నా పెదాలు కదలడమే కనిపించేది. అందుకని అందరం చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. అవతలి వరసలోంచి ఎవరైనా చెయ్యెత్తితే ముందు తలూపాలి. ఊపకపోతే వాడు చెయ్యెత్తుతూనే ఉంటాడు. మగ్గం మీద వంగి ఉన్నవాడికి చెయ్యెత్తినా కనిపించదు కాబట్టి వెనక నుంచి వెళ్ళి భుజం మీద బొటనవేలు ఆనించి నొక్కాలి. అంటే 'ఆపు' అని. రెండుసార్లు తడితే 'ఇక నడపచ్చు' అని. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని ఆయన అడిగింది కూడా అక్కడే, చేతులతోనే. నేను తలూపాను. చూశానని ఊపానో, సరేనని ఊపానో ఇప్పటిదాకా తేల్చి చెప్పలేదు. ఆయన రెట్టించి అడగనూ లేదు.

మిల్లు మాకు తిండి పెట్టింది, ఆయన చెవులు తీసుకుంది. నేను గోడకి ఇవతల ఉండబట్టి నా చెవులు దక్కాయి. చెవి మిషన్లు పెట్టుకుంటే ఆయనకి సగం మాటలు వినపడతాయి. మిగతా సగానికి తలూపుతాడు. చెవుడని ఒప్పుకోమంటే మాత్రం ఒప్పుకోడు. "నువ్వు నోట్లో నోట్లో మాట్లాడితే నేనేం చేసేది?" అని నా మీదకే తోస్తాడు. నా గొంతు వీధి చివరికి వినపడుతుంది, ఎవర్నైనా అడగండి.

కడుపులో కుడిపక్క నొప్పని మొదలైంది. ఎప్పటిలాగే దాచాడు. బట్టలు వదులైపోయాక దాచడానికి చోటు లేక బయటపడ్డాడు. చిన్న స్కానులో కాలేయం మీద గడ్డ కనపడింది. పెద్ద డాక్టరు మా అమ్మాయికీ నాకూ విడమరిచి చెప్పాడు.

"గడ్డ ఒక్కచోటే ఉంటే కోసి తీసేస్తాం. మనిషికి ఢోకా లేదు. నాలుగు వైపులా పాకిపోయి ఉంటే కత్తి పెట్టి లాభం లేదమ్మా. అది తేలాలంటే ఎమ్మారై తియ్యాలి. బొమ్మలు స్పష్టంగా రావాలి."

ఆ రోజు నుంచి నాకు ఇంకో ఆలోచన లేదు. ఒక్కచోటే ఉండాలి. బొమ్మ స్పష్టంగా రావాలి. కూర తరిగినా అదే, పక్క దులిపినా అదే.

మా అమ్మాయి బడిలో లెక్కలు చెబుతుంది. ఆస్పత్రివాళ్ళు ఫోను చేసి చెప్పినవన్నీ మాకు పాఠంలా వల్లె వేయించింది. స్కానుకి ముందు కొన్ని గంటలు ఏమీ తినకూడదు. ఒంటి మీద ఇనప ముక్క ఉండకూడదు. వాచీ, బెల్టు, కట్టుడు పళ్ళు, చెవి మిషన్లు, నడుముకి అంటించుకున్న నొప్పి పట్టీ, అన్నీ తీసెయ్యాలి. లోపల ఎప్పుడైనా ఆపరేషన్లో ఏమైనా పెట్టి ఉంటే ముందే చెప్పాలి. మూత్రపిండాల పరీక్ష కాయితం తీసుకెళ్ళాలి. "అర్థమైందా నాన్నా?" అంది. ఆయన తలూపాడు. అది సంతోషించింది. కన్నకూతురికి కూడా ఆ తలూపు సంగతి తెలియదు. మా చేతి భాష దానికి మేం నేర్పలేదు మరి. మా పోట్లాటలన్నీ దాని ముందే చేతులతో కానిచ్చేవాళ్ళం. నేర్పితే ఎలా కుదురుతుంది?

స్కాను రోజున మా అమ్మాయి పరీక్ష కాయితం చూపించడానికి కింది కౌంటరుకి వెళ్ళింది. అంతసేపు బస్సులో కూర్చుని వచ్చానేమో, నేను బాత్రూముకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గది ముందు గందరగోళం. స్కాను తీసే అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గుండెకి మిషను పెట్టించుకున్న సంగతి ముందే చెప్పాలి కదమ్మా! ఇంకొంచెముంటే లోపలికి తీసుకెళ్ళిపోయేదాన్ని."

"ఎవరి గుండెకి?" అన్నాను.

"ఈయనకే. అడిగితే ఉందన్నారు. మెదడు నరానికి క్లిప్పు వేశారా అంటే దానికీ అవునన్నారు. కంట్లో ఇనప రజను పడిందా అంటే దానికీ..."

మా ఆయన ఆస్పత్రి గౌను వేసుకుని, చెవి మిషన్లు లాకర్లో పెట్టేసి, బల్ల మీద కూర్చుని మమ్మల్నిద్దర్నీ చూస్తూ తలూపుతున్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఇంకో ప్రశ్న అడిగుంటే కడుపుతో ఉన్నానని కూడా ఒప్పుకునేవాడమ్మా. ఆయన తలూపితే అవునని కాదు. చెవి మిషన్లు తీయించి మరీ అడిగితే ఏం వినపడుతుంది?"

ఆ అమ్మాయి ఒక్క క్షణం బిక్కమొహం వేసి, నవ్వేసింది. మంచి పిల్ల. నన్ను కూర్చోబెట్టి అన్నీ మళ్ళీ అడిగింది.

"విసుక్కోకండమ్మా. ఆ గదిలో ఉన్నది పెద్ద అయస్కాంతం. స్కాను జరగనప్పుడు కూడా లాగుతూనే ఉంటుంది. ఒంట్లో ఇనుముంటే కదిలిపోతుంది, గుండె మిషనుంటే గతి తప్పచ్చు. అందుకే ఒకటికి రెండుసార్లు అడుగుతాం."

గుండెకి మిషను లేదు, తలలో క్లిప్పు లేదు. కంటి సంగతి మాత్రం నిజమే. వయసులో ఉన్నప్పుడు మిల్లు ఫిట్టరు ఇనుము అరగదీస్తుంటే పక్కన నిలబడి కంట్లో రజను పడేసుకున్నాడు. తీయించాం గానీ పూర్తిగా వచ్చిందో లేదో నాకేం తెలుసు? అది చెప్పగానే ఆ పిల్ల ముందు కళ్ళకి ఎక్స్‌రే తీయించమంది. అన్ని అబద్ధపు తలూపుల మధ్య ఒక్కటి నిజం తగిలింది. తీయించాం. కళ్ళల్లో ఏమీ లేదన్నారు.

తర్వాత అసలు చిక్కొచ్చింది. కాలేయం బొమ్మ తియ్యాలంటే చప్పుడు వస్తున్నంతసేపూ ఊపిరి వదిలి బిగబట్టాలట. ఊపిరి ఆడితే కాలేయం కదులుతుంది, కాలేయం కదిలితే బొమ్మ అలుక్కుపోతుంది. ఎప్పుడు బిగబట్టాలో హెడ్‌ఫోనులో చెబుతారు. ఈయనకి హెడ్‌ఫోనులో చెప్పడమంటే గోడకి చెప్పడమే. ఆ గొట్టంలోకి వెళ్ళాక మనుషులూ కనిపించరు.

"ఊపిరి బిగబట్టకుండా తియ్యలేరా?" అంది అప్పుడే పైకి వచ్చిన మా అమ్మాయి.

"తీసే పద్ధతుంది. కానీ డాక్టరుగారు చిన్న చిన్న మచ్చలు కూడా కనపడాలన్నారు. మీలో ఒకరు లోపలుండి పాదం మీద తట్టి చెబితే చూద్దాం. ఆయన కంగారుపడి కదలకూడదు మరి."

"నేనుంటాను," అన్నాను. "కంగారు పడడు. మా ఇద్దరికీ అలవాటే."

లోపలికి వెళ్ళే మనిషిక్కూడా అవే ప్రశ్నలు, అవే సోదాలు. నా జడలోంచి పిన్నులు తీస్తుంటే వస్తూనే ఉన్నాయి. బట్టలకి గుచ్చుకున్న పిన్నీసులు, కొంగున ముడేసిన తాళాలు, అన్నీ పళ్ళెంలో పోశాను. "అమ్మా, నువ్వొక ఇనుప కొట్టువి," అంది మా అమ్మాయి. ఆయనకీ నాకూ చెవుల్లో దూది లాంటి బిరడాలు పెట్టారు. వినపడని చెవులకి బిరడాలెందుకన్నాను.

"వినపడకపోయినా చెవి చెవేనమ్మా. ఉన్న కాస్తా పోగొట్టకూడదు," అంది స్కాను పిల్ల. ఆ మాట ఏ మిల్లు యజమాని నోటా నేను వినలేదు.

బయట బల్ల మీద కూర్చోబెట్టి ఆయన భుజం మీద బొటనవేలు పెట్టి నొక్కాను. ఊపిరి వదిలి ఆగడం నా ఒంటి మీద చేసి చూపించాను. రెండుసార్లు తట్టి, ఊపిరి పీల్చి చూపించాను. లోపల ఇవే పాదం మీద అని అరికాలు ముట్టి చూపించాను. ఆయన మొహం విప్పారింది. ఎన్నాళ్ళయిందో ఆయన్ని అలా తాకి. తర్వాత తల పట్టుకుని, కదపకూడదని చెయ్యి అడ్డంగా తిప్పాను. అలవాటుగా తలూపబోయి ఆగిపోయాడు.

మంచం ఆయన్ని లోపలికి తీసుకుపోయింది. పాదాలు మాత్రం చివర నా చేతికి అందాయి. పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఎదురుగా అద్దం, అద్దం వెనక ఆ పిల్ల. తను చెయ్యెత్తితే నొక్కాలి, దించితే తట్టాలి.

మొదటిసారి చెడగొట్టింది నేనే. తను చెయ్యెత్తింది, నేను నొక్కాను, చప్పుడు మొదలైంది. ఆ చప్పుడుకి లోపల ఈయనకి ఏమైందోనని రెండుసార్లు తట్టేశాను. అద్దం వెనక ఆ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది.

అప్పుడు కుదిరింది. చెయ్యి లేచేది, నా బొటనవేలు ఆయన అరికాలు మీద ఆనేది. దడదడమని గదంతా అదిరేది. గౌను కింద పొట్ట కదలకుండా ఉండేది. చెయ్యి దిగేది, తట్టేదాన్ని, పాదం కొంచెం వదులయ్యేది. నా జీవితంలో చెప్పింది చెప్పినట్టు ఆయన నా మాట విన్నది అక్కడే. పగిలిన మడమ నా అరచేతిలో గరుకుగా తగులుతూ ఉంది. ఈ మనిషి నాకు కావాలి అనుకున్నాను. పోట్లాడటానికైనా కావాలి. ఒక్కచోటే ఉండాలి, ఒక్కచోటే.

మధ్యలో చేతి నరానికి మందు ఎక్కించారు. చల్లగా పాకుతుంది, భయపడొద్దని ముందే చూపించి ఉంచాం. అయినా నాకు ఆగక ఆయన పాదాన్ని నిమిరాను. అది మా భాషలో ఏ సైగా కాదు. ఆయన కాలి బొటనవేలు పైకీ కిందకీ కదిలింది. తల కదపొద్దన్నాం కదా, వేలితో ఊపాడు. చూశాను, అని.

బయటికొచ్చాక ఆయన మొహం చూడాలి. పండగ... కాదు, అంతకన్నా ఎక్కువ. చెవి మిషన్లు కూడా పెట్టుకోకుండా గట్టిగా అందరికీ వినపడేలా చెప్పాడు.

"మన మిల్లేనే! అచ్చం చివరి వరస మగ్గం. ఎముకల్లోంచి వినపడింది నాకు. ఒక చోట నాడె తగులుతోంది, ఎవరైనా మేస్త్రికి చూపించమను."

మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఏంటో తెలియకపోయినా స్కాను పిల్ల నవ్వి, తప్పకుండా చూపిస్తానంది. బొమ్మలు అద్దంలా వచ్చాయంది. ఆ ఒక్కమాటకి నేను సగం కష్టం గట్టెక్కినట్టు పొంగిపోయాను. బొమ్మ బాగా వస్తే మనిషి బాగుంటాడని ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను.

బొమ్మలు ఎంత స్పష్టంగా వచ్చాయంటే, గడ్డ ఎక్కడెక్కడికి పాకిందో డాక్టరు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించగలిగాడు. కాలేయానికి రెండు పక్కలా ఉన్నాయి. పెద్ద నరంలోకి కూడా దిగిందన్నాడు. ఆపరేషను కుదరదన్నాడు. నొప్పి తెలియకుండా మందులిస్తామన్నాడు. ఇదంతా తెర వైపు తిరిగి చెప్పాడు. మా ఆయనకి డాక్టరు వీపు తప్ప పెదాలు కనపడలేదు. చివర ఇటు తిరిగి, "మీకేమైనా అడగాలనుందా?" అన్నాడు. మా ఆయన తలూపాడు. డాక్టరు ఆయన చెయ్యి పట్టుకుని మా అమ్మాయితో, "ఎంత ధైర్యంగా తీసుకున్నారో చూడండి," అన్నాడు.

నాకు అరవాలనిపించింది. ఆయనకేమీ వినపడలేదయ్యా, ఆయన చావు సంగతి ఆయనకి ఇంకా తెలియదు, అని. మా అమ్మాయి అప్పటికే గోడవైపు తిరిగిపోయింది.

వరండాలో బెంచీ మీద ఆయన నా ఎదురుగా కూర్చుని అరచెయ్యి వెల్లకిలా తిప్పాడు. ఏమన్నాడని. ఇంత నోరున్న దాన్ని, ఆ మాట గట్టిగా అరిచి చెప్పలేను కదా. అటూ ఇటూ జనం. మెల్లగా చెబితే వినపడదు. ఇక చేతులే మిగిలాయి. మిల్లులో మగ్గం మీద నిలువు దారం, అదే పడుగు, అయిపోవస్తే ఒక సైగుండేది. ఎడమ అరచెయ్యి చాపి, దాని మీద నుంచి కుడిచెయ్యి చివరిదాకా జరిపి కిందికి వదిలెయ్యడం. నేసేవాడు కండెల గది కిటికీవైపు చూసి ఆ సైగ చేస్తే, ఇక ఈ మగ్గానికి నూలు చుట్టకు అని అర్థం. ఎన్నోసార్లు ఆయనే నాకు చేసేవాడు. ఈసారి నేను చేశాను. చెయ్యి కిందికి వదలాల్సిన చోట వదలబుద్ధి కాలేదు. గాల్లోనే ఆగిపోయింది.

ఆయన నా చెయ్యి పట్టుకుని తనే కిందికి దించాడు. 'సరిగ్గా చెయ్యి' అన్నట్టు. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఖాళీ పెట్టి చూపించాడు. బట్ట ఇంకెంత మిగిలుందని. నేను ఆ ఖాళీని కొంచెం దగ్గరికి నొక్కాను. ఆయన తలూపాడు.

తర్వాత ఆయన చెవి మిషన్లు పెట్టుకోలేదు. దిండుకి ఆనితే కూస్తున్నాయన్నాడు. ఇక వినాల్సిందేముందన్నాడు. మా అమ్మాయి కుమిలిపోయింది. నాన్నతో మాట్లాడాలని ఉందమ్మా, ఏదో ఒకటి నేర్పు అంది. నేర్పాను. నీళ్ళు కావాలా, నొప్పిగా ఉందా, నేను ఇక్కడే ఉన్నాను. దాని వేళ్ళు సుద్దముక్కకి అలవాటుపడ్డవి, తిన్నగా తిరగవు. అది తప్పు చేసినప్పుడల్లా ఆయన పడుకునే నవ్వేవాడు. ఆ నవ్వుకోసం అది కావాలనే తప్పు చేస్తోందని నాకు తర్వాత తెలిసింది.

ఆఖరి రోజు మధ్యాహ్నం. కిటికీలోంచి ఎండ ఆస్పత్రి మంచం మీద పడుతోంది. ఆయన కళ్ళు తెరవక చాలాసేపయింది. ఊపిరి వచ్చి, వెళ్ళి, ఆగిపోతోంది. చాలాసేపటికి మళ్ళీ వస్తోంది. నర్సు వచ్చి చూసి, ఇక ఇంతేనమ్మా, దగ్గరుండండి అని చెప్పి వెళ్ళింది. మా అమ్మాయి తల దగ్గర కూర్చుంది. నేను పాదాల దగ్గర కూర్చున్నాను.

ఒకసారి ఊపిరి వెళ్ళిపోయి ఎంతకీ రాలేదు. నాకు తెలియకుండానే నా చెయ్యి ఆయన పాదాన్ని రెండుసార్లు తట్టింది. ఊపిరి వచ్చింది.

మీరు నమ్మినా నమ్మకపోయినా వచ్చింది. మళ్ళీ ఆగింది, మళ్ళీ తట్టాను, మళ్ళీ వచ్చింది. నాకు ఆశ పుట్టింది. మొండి ఆశ. తడుతూ కూర్చుంటాను, ఎంతకాలమైనా కూర్చుంటాను, ఈ మనిషి నా మాట వింటాడు అనుకున్నాను. ఎండ మంచం మీద నుంచి గోడ మీదకి పాకింది. నేను తడుతూనే ఉన్నాను. ప్రతిసారీ ఆయన ఎక్కడి నుంచో ఈడ్చుకుంటూ ఒక ఊపిరి తెచ్చేవాడు. తెచ్చిన ప్రతిసారీ మెడ నరాలు బిగుసుకునేవి, నుదురు ముడిపడేది.

"అమ్మా," అంది మా అమ్మాయి. "నాన్న మొహం చూడు."

చూడదల్చుకోలేదు. అందుకే పాదాల దగ్గర కూర్చున్నాను.

"అమ్మా, నాన్న అలిసిపోయాడమ్మా. నువ్వు రమ్మంటున్నావని వస్తున్నాడు."

అప్పుడు చూశాను. పని అయిపోయినా ఇంకా మగ్గం ముందు నిలబెట్టిన మనిషి మొహం అది. నా మీద నాకే అసహ్యం వేసింది, జాలీ వేసింది. ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఎన్నడూ నా మాట వినని మనిషివి, ఇవాళెందుకు వింటున్నావయ్యా? ఈ ఒక్కరోజు వినకుండా ఉండలేవా? నన్ను చెప్పేలా చేస్తావా?

ఊపిరి వెళ్ళింది. ఆగింది. చెయ్యి తట్టడానికి లేచింది. తట్టలేదు. బొటనవేలు అరికాలు మీద ఆనించి, నొక్కి, అలాగే పట్టుకున్నాను.

ఆపు. ఇక చాలు. ఆపెయ్.

గౌను కింద పొట్ట కదల్లేదు. నేను వేలు తియ్యలేదు. స్కాను గదిలో అయితే అద్దం వెనక ఒక చెయ్యి దిగుతుంది, తట్టమని చెబుతుంది. ఇక్కడ చెప్పడానికి ఎవరూ లేరు. నేను ఏడుస్తూ నొక్కే ఉంచాను. అప్పుడు నా అరచేతికింద ఆయన కాలి బొటనవేలు కదిలింది. పైకి, కిందకి. ఒక్కసారే.

ఆ తర్వాత మా అమ్మాయి నన్ను పట్టుకుని, కండరం అదిరిందమ్మా, చివర్లో అలా అదురుతుందట, అని చెప్పింది. దానికేం తెలుసు? అది మిల్లులో పనిచేయలేదు.